అవ్వ కడిగిన బండి

మొన్న మా ఎదురింటి వాళ్ల పాప పుట్టినరోజుకు వెళ్లి, అందరి ముందూ గావుకేక పెట్టి, పరువు పోగొట్టుకొని వచ్చాను. కేకు కోయడం అయిపోయింది, పాప బహుమతుల పెట్టెలు ఒక్కొక్కటే చింపుతోంది. ఒకదాన్లోంచి ఒంటికంటే చక్రాలే పెద్దవిగా ఉన్న రిమోట్ మాన్‌స్టర్ ట్రక్కు బయటపడింది. వాళ్ల నాన్న బ్యాటరీ తగిలించి నేల మీద పెట్టాడో లేదో, అది సోఫాల మధ్యనుంచి రయ్యిమని బాల్కనీ దాకా పోయి వచ్చింది. ఒక్క స్క్రూ బిగించింది లేదు, ఒక్క చుక్క నూనె వేసింది లేదు. అక్కడితో ఆగినా బాగుండేది. “వాటర్‌ప్రూఫ్ మేడం, చూడండి” అంటూ ఆయన మగ్గుతో నీళ్లు తెచ్చి, నడుస్తున్న బండి మీద గుమ్మరించాడు. “అయ్యో, వద్దు!” అని నేను అరిచిన అరుపుకు ఐస్‌క్రీము తింటున్న పెద్దాయన చెంచా జారవిడిచాడు. ట్రక్కు మాత్రం ఏమీ జరగనట్టు తిరుగుతూనే ఉంది. ఇంటికి వచ్చి, బాల్కనీలో పేపరు చదువుకుంటున్న మా నాన్నకు సంగతి చెప్పాను. ఆయన పేపరు మడిచి, “ఇప్పుడు నీళ్లు పోసినా ఏం కాదా?” అని అడిగాడు. అప్పటినుంచి నా మనసు చిక్కపేట వదిలి రావడం లేదు.

నేను పెరిగింది ఊరి నడుమ బట్టల బజారు చిక్కపేటలో, రెండు చేతిబండ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన సందులో. కింద చీరల గోడౌను, పైన మా ఇల్లు. కొత్త బట్టల గంజి వాసన మెట్లెక్కి పైకి వచ్చేది, అవ్వ వేసే సాంబ్రాణి పొగ మెట్లు దిగి కిందికి పోయేది. ఆ రెండూ కలిసిన వాసన ఇప్పుడు ఏ బట్టల కొట్టులో తగిలినా నా కాళ్లు ఆగిపోతాయి. అవ్వ అంటే మా నాన్నమ్మ. తెల్లవారకముందే లేచి, ఇత్తడి ఫిల్టరులో కాఫీ దింపి, మొదటి గ్లాసు నాన్నకు ఇచ్చాకే తాను తాగేది. పండగైనా జ్వరమైనా ఆ వరస తప్పేది కాదు. నాన్న ఊరి చివర బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. కంపెనీ బస్సు కోసం పెద్దరోడ్డు దాకా నడిచి వెళ్లి, సాయంత్రం మిషను నూనె వాసనతో తిరిగి వచ్చేవాడు. ఆయన ఎంత తక్కువ మాట్లాడేవాడంటే, అన్నం దగ్గర “ఉప్పు” అన్నా మేమందరం తలెత్తి చూసేవాళ్లం.

మా సందులో స్కూటరు లేని ఇల్లు మాదొక్కటే. స్కూటరు మాట అటుంచండి, సైకిలు కూడా లేదు. నేను ఉయ్యాలలో ఉన్నప్పుడే మా తాత ఇదే సందులో బండి కింద పడి పోయాడని మాత్రం నాకు తెలుసు. ఏ బండి, ఎవరి బండి అని నేను అడగలేదు. పిల్లలకు అలాంటివి అడగాలని తోచదు, పెద్దలకు చెప్పాలని తోచదు. అవ్వకు బండ్లంటే భయం కాబోలు, అందుకే నాన్న కొనడం లేదని నాకు నేనే తీర్మానించుకున్నాను. నిజానికి అవ్వకు భయమనేదే లేదు. ఆటో ఎక్కిందంటే డ్రైవరుకు దారి చెప్పడమే కాక, అతని ఇంటి సంగతులన్నీ తేల్చి గాని దిగేది కాదు. నాన్నే, ఆటోలో కూడా కళ్లు మూసుకొని కూర్చునేవాడు.

అలాంటి ఇంటికి ట్రక్కు తెచ్చినవాడు మా మామయ్య, అమ్మ తమ్ముడు. నెల్లూరు నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కొత్తగా వచ్చి, అప్పటికింకా పల్లెలాగే ఉన్న వర్తూరులో చెరువు పక్కన గది అద్దెకు తీసుకున్నాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం పెద్ద అట్టపెట్టె చంకన పెట్టుకొని దిగాడు. పెట్టె మీద గాలిలోకి ఎగురుతున్న ట్రక్కు బొమ్మ. నేను ఎగిరి గంతేసి మూత తీశాను, తీసి నోరు తెరిచేశాను. లోపల ట్రక్కు లేదు. ప్లాస్టిక్ ముక్కలు, పొట్లాలు పొట్లాలుగా స్క్రూలు, నాలుగు నల్లటి టైర్లు, గాజులాగా అవతలి మనిషి కనిపించే, ట్రక్కు ఆకారపు డొల్ల ఒకటి. మోసపోయామనే అనుకున్నాను.

“పిల్లకు బొమ్మ తెస్తానని ఇనప సామాన్ల కొట్టు తెచ్చావేంట్రా?” అంది అమ్మ.

“ఇది కిట్ అక్కా. మనమే అసెంబుల్ చేసుకోవాలి. బిగినర్స్ మోడలే, చాలా ఈజీ,” అన్నాడు మామయ్య. ఆ ఈజీ పని మొదలుపెట్టి, సాయంత్రానికి రెండు ముక్కలు తిరగేసి బిగించి, మూడోది విరగబోతుంటే చేతులెత్తేశాడు.

నాన్న అంతవరకూ గోడకు ఆనుకొని చూస్తున్నాడు. మామయ్య వెళ్లాక వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. “అమ్మా, ఇడ్లీ తట్టలు ఈయమ్మా” అన్నాడు. “ఈ పొద్దులో ఇడ్లీ యాలప్పా?” అంటూనే అవ్వ తెచ్చి ఇచ్చింది. ఆయన ఒక్కో గుంటలో ఒక్కో సైజు స్క్రూలు పోశాడు. ఆ పని పూర్తయ్యేవరకూ మా ఇంట్లో ఇడ్లీ బందు, రోజూ ఉప్మానే. “మనకు దినామూ ఉప్పిట్టు, దీనికి ఇడ్లీ తట్టలు. బాగుండాది మర్యాద!” అని అవ్వ రోజూ దెప్పేది గాని, తట్టలు తిరిగి ఇమ్మని ఒక్కసారీ అడగలేదు. సాయంత్రం నాన్న రాగానే చేతులు కడుక్కొని కూర్చునేవాడు, నేను పక్కన చేరేదాన్ని. వెనక చక్రాల మధ్య తిరిగే పళ్లచక్రాలకు గ్రీజు పూయడం, షాక్ అబ్జార్బర్లలో నూనె నింపి బుడగలన్నీ పైకి తేలేదాకా మూత పెట్టకుండా కాచుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఉప్పు అని కూడా అనని మనిషి నాతో, “సొల్ప ఉండు పాపా, ఇంకొక బుడగ ఉండాది” అని గుసగుసగా మాట్లాడుతుంటే, నిజంగా మా నాన్నేనా అని తిరిగి చూసేదాన్ని. డొల్లకు లోపలివైపునుంచి రంగు వేయాలని తెలిసి ఇంకా ఆశ్చర్యపోయాను. రంగు ఎంచింది అవ్వ. ఒళ్లంతా వంకాయ రంగు, చుట్టూ పసుపుపచ్చ అంచు. “బార్డరు లేకుంటే ఏం బాగుంటాది? చిక్కపేట గాడి కదా” అంది. ఆమెకు బండి అంటే గాడి.

ఆదివారాలు బస్సులో వర్తూరు వెళ్లేవాళ్లం, ట్రక్కు చీరల సంచిలో నా ఒళ్లో ఉండేది. చెరువు పక్కన పంట కోసేసిన బీడు నేల. ఇప్పుడు మేముంటున్న అపార్ట్‌మెంటు దాని మీదే లేచిందని నాన్న అంటాడు, కాదు దాని పక్కన అని నేనంటాను, రుజువు చూపడానికి అక్కడ ఒక్క గట్టు కూడా మిగల్లేదు. వేలితో రిమోట్ మీట లాగితే చాలు, ట్రక్కు మట్టి చిమ్ముకుంటూ మడిగట్ల మీదనుంచి ఎగిరి దూకేది. నేను కేకలు పెట్టేదాన్ని. నాన్న చేతులు వెనక్కి కట్టుకొని దాని వెంట నడిచేవాడు, బోల్తా పడితే లేపి నిలబెట్టేవాడు. “ఇప్పుడు నువ్వు నడుపు నాన్నా” అని రిమోట్ చాపితే రెండు చేతులూ ప్యాంటు జేబుల్లోకి పోయేవి. “నువ్వు నడుపు పాపా, నేను చూస్తా ఉంటా.” ప్రతిసారీ అదే మాట. ఇంట్లో మోటారు సరిచూడాలన్నా నన్ను పిలిచి మీట లాగించేవాడు. ప్రతి స్క్రూ తన చేత్తో బిగించిన మనిషి ఆ మీటను వేలితో తాకడేమిటి? బతిమాలాను, అలిగాను, ఒక పూట అన్నం మానేశాను. నాన్న ఒక్కసారి నడపాలి, నాకు ఆ ఏడాది ఇంకే కోరికా లేదు. అవ్వ ఇదంతా చూస్తూ ఆకువక్క నములుతూ ఉండేది, ఏమీ అనేది కాదు.

ఇక మార్పులు మొదలయ్యాయి. చక్రాల లోపలి ప్లాస్టిక్ బుష్‌లు అరిగితే నాన్న బాల్ బేరింగులు వేశాడు, వంగిపోయిన ఇరుసు తీసి ఉక్కుది పెట్టాడు. ఆ ట్రక్కుకు ముందుకు పోవడం, ఆగడం మాత్రమే వచ్చు. గోడకు గుద్దుకుంటే పరుగెత్తి తిప్పుకోవాలి. అది చూడలేక మామయ్య రివర్స్ ఉన్న కొత్త స్పీడ్ కంట్రోలరు తెచ్చాడు. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకొని చూసి, “ఇది వద్దు” అన్నాడు. ట్రక్కు విషయంలో ఆయన నోట వద్దు అన్న మాట వినడం అదే మొదలు.

“రివర్స్ లేకపోతే ఎట్లా బావా? ప్రతిసారీ పాప పరిగెత్తాలి కదా,” అన్నాడు మామయ్య.

“పరిగెత్తనీ.”

నేను ఏడ్చి రభస చేశాను. మర్నాడు సాయంత్రం ఆయనే దాన్ని బిగించాడు. బిగించినంతసేపూ పెదవులు బిగబట్టుకొనే ఉన్నాడు.

ఆయుధపూజ వచ్చింది. చిక్కపేట ఆ రోజు చూడాలి. చేతిబండ్లకు కూడా అరటి పిలకలు కట్టి, కుంకుమ పూసిన బూడిద గుమ్మడికాయలు ప్రతి గడప ముందూ పగలగొట్టేవాళ్లు. మాకు బండి లేదు కాబట్టి ప్రతి ఏడూ అవ్వ కుట్టుమిషనుకూ, నాన్న స్పానర్లకూ పూజ చేసి బొరుగులు పంచేది. ఆ పొద్దున నేను నిద్ర లేచి వచ్చేసరికి పెరటి కొళాయి కింద అవ్వ కూర్చొని ఉంది. ఆమె ముందు బకెట్టు, బకెట్టులో మా ట్రక్కు! నిండా ముంచి, సీకాయ పొడి వేసి, పీచుతో రుద్దుతోంది.

“అవ్వా!” అని నేను పెట్టిన కేకకు అమ్మా నాన్నా పరుగెత్తుకొచ్చారు.

“ఏమే అట్ల అరస్తావు? పూజకు గాడి కడగవద్దా? సందులో అందురూ కడుగుతా ఉండారు” అంది, చక్రం రుద్దడం మానకుండా. ఆమెను తప్పు పట్టడానికి లేదు. బండి అన్నాక కడగాలి, కడగని బండికి పూజ ఎక్కడిది? లోపల సున్నితమైన వైర్లు ఉంటాయని ఆమెకు చెప్పాలని మాకెవరికీ తోచలేదు. నాన్న ట్రక్కును తిరగేసి నీళ్లు కార్చాడు, డొల్ల విప్పి ఫ్యాను ముందు పెట్టాడు. అవ్వ తన పాటికి తాను చామంతి దండ గుచ్చుతూ కూర్చుంది. మధ్యాహ్నానికి పైకి ఆరినట్టే కనిపించింది. గంధం, కుంకుమ, దండ, రెండు పక్కలా చిటికెన వేలంత అరటి పిలకలు. కింద సందులో నిలబెట్టి, ముందు చక్రాల ముందర రెండు నిమ్మకాయలు పెట్టి, హారతి పళ్లెం అమ్మ చేతికిచ్చి, అవ్వ రిమోట్ తీసి నాన్న ముందుకు చాపింది.

“నడుపు.”

“లోపల తడి ఉండాదమ్మా. రేపు పాప నడుపుతాదిలే.”

“పాప కాదు, నువ్వు. గాడి ఎవురు కట్టినారో వాళ్లే నిమ్మకాయల మీద నడపల్ల. లేకుంటే పూజ యాడ అయితాది? పట్టు నాగరాజా. నా కోసరం పట్టప్పా.”

నాన్న జేబుల్లో చేతులు పెట్టుకోలేదు. ఆ రోజు ఆయన కట్టుకున్నది పంచె. చేయి చాపి తీసుకున్నాడు. అవ్వ వెళ్లి ట్రక్కు వెనక, గడప దగ్గర నిలబడింది. నాన్న గోడవారగా నిలబడి మీట లాగాడు. ట్రక్కు మెల్లగా కదిలి నిమ్మకాయలను టప్పుమని చిదిమి ముందుకు పోయింది. నాన్న ముఖంలో నవ్వు! ఆయన పళ్లు అంత తెల్లగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. నేను చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాను. అంతలో ముందు చక్రాలు వణికినట్టు అటూ ఇటూ ఆడాయి. నాన్న మీట వదిలేశాడు, నేను చూశాను, వదిలేశాడు. అయినా ఆ బండి ఒక్క క్షణం ఆగి, ఉన్న వేగమంతా పుంజుకొని వెనక్కి దూసుకుపోయి అవ్వ కాలిని గుద్దింది. ఆమె కింద పడింది. గడప పక్కనున్న ఇనప గుంజ తగిలి పిక్క చీలి, రక్తం కారిపోతోంది. ట్రక్కు బోల్తా పడి గాలిలో చక్రాలు గిరగిర తిప్పుతూనే ఉంటే నేను బ్యాటరీ వైరు పెరికేశాను.

తిరిగి చూస్తే నాన్న నేల మీద కూలబడి ఉన్నాడు. రెండు చేతులతో చెవులు మూసుకొని, “చూసుకోలే... నేను వెనక చూసుకోలేదమ్మా...” అంటున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. ఆయన చూస్తూనే ఉన్నాడు కదా, తడిసిన వైర్లు చేసిన పనికి ఆయనేం చేస్తాడు? అవ్వ రక్తం కారుతున్న కాలు ఈడ్చుకుంటూ ఆయన దగ్గరికి పోయి, చెవుల మీది చేతులు లాగేసింది.

“నన్ను చూడు. నేను ఉండా. నాకేమీ కాలే. ఆ పొద్దు మీ నాయన టెంపో కింద పోయింది గూడ నీ తప్పు కాదు నాగరాజా. పైన బాల్కనీలో నిలబడి ‘రా, రా, ఇంకా రా’ అనింది నేను. కిటికీ సజ్జ అడ్డం ఉండె. మీ నాయన మూట తీసేదానికి వెనక వంగినాడని నాకు కనబడలే. నువ్వు నా మాట నమ్మి వెనక్కి వచ్చినావు. ఇన్నేండ్లూ నేను ఎవురికీ చెప్పలే. పాపిష్టిదాన్ని, నీ నెత్తిన పెట్టి ఊరకుండిపోతి.”

తాతను తొక్కిన బండి మాది. నడిపింది మా నాన్న. బట్టల మూటలు వేసుకొని తిరిగే టెంపో మాకు ఒకటి ఉండేదనీ, తాత పోయిన వారమే దాన్ని అమ్మేసి నాన్న ఫ్యాక్టరీలో చేరాడనీ అమ్మ తర్వాత చెప్పింది. అమ్మకు అంతవరకే తెలుసు. పిలిచింది అవ్వ అని ఆమెకూ అప్పుడే తెలిసింది. ఆమె చేతిలోని హారతి పళ్లెంలో కర్పూరం దానంతట అదే ఆరిపోయింది.

నాన్న తల ఎత్తాడు. “తెలుసమ్మా,” అన్నాడు.

“ఏమి తెలుసు?”

“నువ్వే పిలిచినావని. నీ గొంతు నాకు తెలీదా?”

అవ్వ ముఖం అప్పుడు ఎలా మారిందో చెప్పడం నా వల్ల కాదు. పిక్క చీలినప్పుడు అరవని మనిషి, ఆ మాటకు నోరు తెరిచి, శబ్దం రాక, గాలి మింగింది. “తెలిసీ... మరి పోలీసు స్టేషన్లో ఎవురూ పిలవలేదని చెప్తివే?”

“ఆ.”

“యాలప్పా?”

“నాయన పోయినాడు. అది గూడ చెప్పుంటే నువ్వు బతికి ఉండేదానివా అమ్మా?”

సందులో ఎక్కడో ఎవరో గుమ్మడికాయ పగలగొట్టారు. ఇద్దరూ ఒకే ఇంట్లో, రోజూ తెల్లవారుజామున ఒకరికొకరు కాఫీ గ్లాసు అందించుకుంటూ, నేను పుట్టినప్పటినుంచీ నా కళ్లముందే ఇంత మోశారా! నాకు దుఃఖం కంటే ముందు విస్మయం వచ్చింది, అది ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. ఇవాళ మా అపార్ట్‌మెంటు కింద ప్రతి కారుకూ వెనక కెమెరా ఉంది, గోడ దగ్గరపడితే కూత పెడుతుంది. మనిషి వెనక నిలబడి పిలవవలసిన పని లేదు. మంచిదే, నేనూ అలాంటి కారే నడుపుతాను. కాని ఎవరైనా కారు వెనక్కి తీస్తుంటే మా నాన్న ఈనాటికీ బాల్కనీలోంచి లేచి లోపలికి వెళ్లిపోతాడు. ఆ కాలంలో బండి వెనక్కి తీయాలంటే ఇంకొక మనిషి గొంతును నమ్మి తీయవలసిందే. ఆ గొంతు కన్నతల్లిదైతే ఇక చూసుకొనేదేముంది? మొన్న ఆ మగ్గు నీళ్లకు నేనెందుకు అరిచానో పుట్టినరోజు ఇంట్లో వాళ్లకు ఎలా చెప్పను? ఆనాడు మా బండి కూడా నీళ్లకు చెడనిదై ఉంటే, ఆ తల్లీ కొడుకూ ఆ మాట చెప్పుకోకుండానే పోయేవాళ్లు.

అవ్వ కాలికి కుట్లు పడ్డాయి. ట్రక్కులో సిగ్నలు అందుకునే పెట్టె చచ్చిపోయింది, మామయ్య ఇంకొకటి తెచ్చాడు. నాన్న దాన్ని ఒక బెలూనులో దూర్చి మూతి బిగించి కట్టాడు, ఇక అవ్వ కడుక్కోవచ్చని. అవ్వ నడవగలిగిన మొదటి ఆదివారం తానూ వర్తూరు వస్తానంది. బీడులో దిగగానే నేను అలవాటుగా రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. నాన్న వచ్చి, అడగకుండా, నా చేతిలోంచి తీసుకున్నాడు.

ముందు తిన్నగా పోనిచ్చాడు, చాలా దూరం. ఆపాడు. అది మాకు వీపు చూపిస్తూ ఎండలో నిలబడి ఉంది. నాన్న వేలు మీట మీద ఉంది, కదలడం లేదు. అవ్వ నాలుగడుగులు ముందుకు పోయి, దాని దారిలోనే నిలబడింది.

“పిలువమ్మా,” అన్నాడు నాన్న.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల అడ్డంగా ఊపింది. “నా వల్ల కాదప్పా. నేను పిలవను.”

“నువ్వు పిలిస్తేనే వస్తా.”

చివరికి అవ్వ కొంగు తీసింది. “రా...” అంది. బండి వెనక్కి కదిలింది. “రా అప్పా... రా... సొల్ప రా...” నాన్న రెండు చెంపల మీదా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. మట్టి గడ్డల మీద ఊగుతూ, వంకాయ రంగు వీపుతో అది దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తోంది. అవ్వ కాళ్లు కదల్లేదు.

“చాలు,” అంది అవ్వ. “చాలు నాగరాజా, చాలు.”

బండి ఆగింది.